కర్రకు తగిన చేప కోసం

చేపను బట్టి గాలం కర్ర ఎంచుకోవాలి. బందరు కాలువ గట్టున గాలమేసే బడిపిల్లాడికి కూడా తెలిసిన సంగతిది. ఇంజనీరింగ్ చదివి, నలభై దాటాక గాలం పట్టిన నాకు మాత్రం తెలియలేదు. నేను ముందు కర్ర కొన్నాను. ఆ తర్వాత ఆ కర్రకు తగిన చేప ఎక్కడుందా అని కృష్ణా డెల్టా అంతా తిరిగాను.

తయారైన కర్ర ఏదో దుకాణంలో కొనుక్కుని ఉంటే ఇంత కథ ఉండేది కాదు. నా కర్ర నేనే కట్టుకోవాలన్న పిచ్చి పట్టింది. రింగులు, పిడి, రీలు బిగించే సీటు ఏవీ లేని ఉత్త కర్రను బ్లాంకు అంటారు. దానికి మన చేతికి సరిపడే పిడి అతికించుకోవాలి, రింగుల్ని దారంతో చుట్టి కట్టుకోవాలి, ఆ చుట్లమీద ఎపాక్సీ పూసుకోవాలి. పనంతా ఓపికతో అయ్యేదే. బ్లాంకు ఎంపికకు మాత్రం ఓపిక చాలదు, బుర్ర కావాలి. నేను ఓపిక చూపించి బుర్రను ఇంట్లో వదిలేశాను.

ర్యాంకులు చూసి కాలేజీ ఎంచుకునే ఊరు మాది. బెంజి సర్కిల్ చుట్టూ ఉన్న హోర్డింగుల కింద పెరిగినవాణ్ణి, కేటలాగు చేతికి రాగానే అంకెలే చూశాను. ఐఎం6, ఐఎం7, ఐఎం8 అని రాసి ఉంది. ఎనిమిది ఆరు కన్నా పెద్దది కాబట్టి ఐఎం8 మంచిదని తేల్చేశాను. అసలు సంగతేమిటంటే, అవి అమెరికాలోని హెక్సెల్ కంపెనీ కార్బన్ పోగుల పేర్లు. అక్కడి ‘ఎం’ అంటే మాడ్యులస్, పోగు సాగకుండా ఎంత బిగుసుకు నిలుస్తుందో చెప్పే కొలత. మామూలు కార్బన్ పోగు మాడ్యులస్ దాదాపు 230 గిగాపాస్కల్స్ ఉంటే, కర్రల్లో వాడే గాజు పోగుది 72 దగ్గర ఉంటుంది. బిగువు పెరిగేకొద్దీ తక్కువ పోగుతోనే పని జరుగుతుంది. అందుకని కర్ర తేలికవుతుంది, గొట్టం గోడ పలచబడుతుంది, దెబ్బకు తట్టుకోవడం తగ్గుతుంది. తేలిక అన్నంతవరకు చదివి సంతోషించాను. మిగతా వాక్యం చదవలేదు.

దానికన్నా సిగ్గుపడాల్సిన పొరపాటు ఇంకోటుంది. బ్లాంకు మీద ‘12–20 పౌండ్లు’ అని ఉంది. అంటే తొమ్మిది కిలోల చేప దాకా ఆగుతుందని లెక్కగట్టాను. ఇంట్లో ఆ మాట గొప్పగా చెప్పాను కూడా. ఆ పౌండ్లు చేప బరువు కాదు. ఆ కర్రకు వాడదగ్గ దారం ఎంత లాగుడుకు తెగుతుందో చెప్పే అంకెలు. పక్కనే ఔన్సుల్లో ఇంకో అంకె ఉంది: ముప్పావు నుంచి ఒకటిన్నర. విసరదగ్గ ఎర బరువది. గ్రాముల్లోకి మారిస్తే దాదాపు 21 నుంచి 42. నేను అప్పటిదాకా విసురుతున్నది ఒక వానపాము, చిన్న సీసపు గుండు, జీలుగు బెండు. అన్నీ కలిపి తూచినా ఐదు గ్రాములు దాటవు.

ఇక ‘ఎక్స్‌ట్రా ఫాస్ట్’ అన్న మాట చూసి పడిపోయాను. చేపను వేగంగా లాగేస్తుందనుకున్నాను. కర్ర ఎక్కడ ఒంగుతుందో చెప్పే మాట అది. ఎక్స్‌ట్రా ఫాస్ట్ అయితే కొస మాత్రమే ఒంగుతుంది, కింద అంతా బిర్రుగా నిలబడుతుంది. స్లో అయితే పిడి దాకా ఒంగుతుంది. విసిరేటప్పుడు ఎర బరువే కర్రను వెనక్కి వంచాలి, ఆ వంపు విప్పుకుంటూ ఎరను ముందుకు పంపాలి. ఐదు గ్రాముల ఎర నా తొమ్మిదడుగుల కర్రను వంచనే లేదు. కంకిపాడు దగ్గర కాలువ గట్టున నిలబడి భుజం నొప్పెట్టేలా విసిరితే బెండు నా కాళ్ళ ముందున్న తూటికాడల్లో పడేది. వెనక్కి ఎత్తినప్పుడల్లా తుమ్మ కొమ్మకు తగులుకునేది.

పక్కనే ఒక పెద్దాయన వెదురు కర్రతో కూర్చునేవాడు. రీలు లేదు, రింగుల్లేవు, కొసకు కట్టిన నైలాన్ దారం అంతే. మణికట్టు ఆడిస్తే కర్ర సగం దాకా ఒంగి, బెండు గుర్రపుడెక్క అంచున, సరిగ్గా ఆకు పక్కన వాలేది. జెల్లలు, తిలాపియాలు, అప్పుడప్పుడు ఒక మట్టగిడస ఆయన బుట్టలో పడుతుంటే నేను తుమ్మ ముళ్ళలోంచి దారం విప్పుకునేవాణ్ణి. ఒకరోజు ఆయన ఉండబట్టలేక అడిగాడు.

“ఏం బాబూ, ఆ కర్ర దేనికి?”

“పెద్ద చేపలకి బాబాయ్.”

“ఈ కాలవలో అంత పెద్దవి ఎక్కడున్నాయి?”

ఆయన అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. అక్కడే ఆగి ఉంటే నష్టం డబ్బుతో పోయేది. నేను పుస్తకాలు తెరిచాను. పంతొమ్మిదో శతాబ్దంలో మన దేశపు వెదురు ‘కలకత్తా కేన్’ పేరుతో ఇంగ్లండు, అమెరికాలకు పోయి ఖరీదైన గాలం కర్రలైందని చదివి గర్వపడ్డాను. తర్వాత చైనా నుంచి టాంకిన్ వెదురు వచ్చి దాన్ని పక్కకు నెట్టింది. 1950లో అమెరికా చైనా సరుకును నిషేధించడంతో అక్కడివాళ్ళు గాజు పోగు మీద పడ్డారు. 1973లో ఫెన్విక్ కంపెనీ కార్బన్ కర్రను బజారులోకి తెచ్చింది. ఇంత చరిత్ర వల్లించినవాణ్ణి, నా పక్కన ఉన్న వెదురు ఎక్కడ ఒంగుతోందో మాత్రం చూడలేదు.

హెన్రీ సల్లివన్ థామస్ అని మద్రాసు సివిల్ సర్వీసు దొర 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ రాశాడు. కొండ నదుల్లో మహసీర్ వేట గురించిన ఘనమైన పుస్తకం. ఆయనే 1887లో ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అని చెరువుల్లో గాలం వేటమీద ఇంకోటి రాశాడు. నాకు పనికొచ్చేది రెండోది. నేను చదివింది మొదటిది. మహసీర్ మన కాలువలో ఉండదని తెలిసి కూడా, నా కర్ర తప్పు కాదు, ఊరిదే తప్పు అని నిర్ణయించుకున్నాను.

అలా పండుగప్ప మీద పడ్డాను. ఉప్పునీరూ మంచినీరూ కలిసేచోట తిరిగే చేప, బలమైనది, గాలం పడ్డాక నీళ్ళలోంచి ఎగిరి తల విదిలిస్తుంది. నా కర్రకు సరిజోడని సంబరపడి అవనిగడ్డ మీదుగా నాగాయలంక పోయాను. పడవ మాట్లాడుకున్నాను. పడవలో తొమ్మిదడుగుల కర్ర పట్టుకుని కూర్చుంటే ఎటు తిప్పినా పడవవాడి తలకు తగలబోయేది. అతను చేతి దారంతో వేటాడేవాడు. నా కర్రను చాలాసేపు చూసి మర్యాదకు ఏమీ అనలేదు.

పండుగప్ప పడలేదు. పొద్దు వాలేవేళకు ఒక జెల్ల పడింది, జానెడు కన్నా కాస్త పెద్దది. వల కర్ర తీసుకురాలేదు కాబట్టి చేపను కర్రతోనే పైకెత్తాలని రీలు చుట్టి, కర్రను నిలువుగా లేపి, ఇంకా వెనక్కి వంచాను. “అట్టా ఎత్తమాకండి సార్, విరిగిపోద్ది” అని పడవవాడు అంటూనే ఉన్నాడు. ఫట్‌మంది. కొస నుంచి రెండడుగుల కింద, పుల్ల విరిగినట్టు కాదు, గొట్టం నలిగి పోగులు పోగులుగా చీలింది. కర్రను నిలువు దాటించి ఎత్తితే బరువంతా సన్నటి కొసమీదే పడుతుంది, దిట్టంగా ఉన్న కింది భాగం పనిలోకే రాదు. పైగా అంతకుముందు గట్టున విసిరినప్పుడు సీసపు గుండు రెండు మూడుసార్లు కర్రకు తగిలింది. పలచటి కార్బన్ గోడకు అలాంటి దెబ్బ పైకి కనపడదు, లోపల ఉండిపోతుంది. తొమ్మిది కిలోలు ఆపుతుందన్న కర్ర జెల్ల మీద విరిగింది. పడవవాడు దారం చేత్తో లాగి జెల్లను నాకు అందించాడు.

బుద్ధి వచ్చిందనుకుంటారేమో. వచ్చింది, కాకపోతే రెండో వైపుకు మరీ ఎక్కువగా వచ్చింది. ఈసారి గాజు పోగు బ్లాంకు, ఆరడుగులు, అన్నిటికన్నా సున్నితమైన ‘అల్ట్రా లైట్’ తెప్పించాను. ఎంపిక తప్పు కాదు. దాన్ని చెడగొట్టింది నేను కట్టిన రింగులు. మొదటి కర్రకు మిగిలిన బరువైన రెండు కాళ్ళ రింగులు వృథా ఎందుకని వాటినే కట్టాను. సన్నటి కొసమీద పెరిగే ప్రతి గ్రామూ కర్ర స్వభావాన్ని మార్చేస్తుంది. చురుగ్గా లేచే బ్లాంకు, రింగులు కట్టాక విసిరిన ప్రతిసారీ కొస ఊగుతూ ఉండిపోయేది. చిన్న ఒంటికాలు రింగులు అడుగుకొకటి చొప్పున, కొసకు ఒకటి కట్టి ఉంటే సరిపోయేది.

దీనికి తోడు స్పైన్ పిచ్చి. కార్బన్ బట్టనో గాజు బట్టనో ఉక్కు కడ్డీకి చుట్టి, వేడిలో గట్టిపరిచి, కడ్డీ లాగేస్తే బ్లాంకు వస్తుంది. బట్ట అంచులు ఒకదానిమీద ఒకటి పడినవైపు కాస్త గట్టిగా ఉంటుంది. బ్లాంకు మొదలు నేలకు ఆనించి, పైభాగాన్ని అరచేత్తో వంచి దొర్లిస్తే ఒకచోట ఠక్కున తిరిగి నిలుస్తుంది. అదే స్పైన్. రింగులు దానికి సరిగ్గా ఎదురుగా లేకపోతే కర్ర మెలితిరుగుతుందని ఎవరో రాస్తే నమ్మి, హాల్లో అర్ధరాత్రి దాకా బ్లాంకు దొర్లిస్తూ పెన్సిలు గీతలు పెట్టాను. మా ఆవిడ లేచి వచ్చి, “ఏమండీ, ఆ కర్రకి పెట్టిన డబ్బుతో కృష్ణలంకలో ఏడాదిపాటు చేపలు కొనుక్కోవచ్చు” అంది. లెక్క సరైనదే. స్పైన్ సంగతే తప్పు. రింగులు కర్రకు పైన ఉంటే, దారం లాగినప్పుడు కర్ర మెలితిరగాలనే చూస్తుంది, స్పైన్ ఎటున్నా అంతే. కింద ఉంటే తిరగదు. నాది రీలు కింద వేలాడే కర్ర, రింగులూ కిందే. ఆ రాత్రుళ్ళన్నీ దండగ. బ్లాంకును కంటి ముందు పట్టి, ఏ వైపు తిప్పితే తిన్నగా కనిపిస్తుందో ఆ వైపు రింగులు కట్టేవాళ్ళే ఈమధ్య ఎక్కువ.

చివరికి నాకు పనికొచ్చిన పద్ధతి చిల్లర నాణేలది. ఒక కంపెనీ ‘మీడియం’ ఇంకో కంపెనీ ‘మీడియం’ ఒకటి కావు, వాటికి ఉమ్మడి కొలత లేదు. బిల్ హానెమన్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త దీనికో ఉపాయం చెప్పాడు. కర్రను బల్లకు అడ్డంగా బిగించి, కొసకు చిన్న సంచి కట్టి, కొస కర్ర పొడవులో మూడో వంతు కిందికి దిగేదాకా అందులో సెంట్లు వేయాలి. ఎన్ని సెంట్లు పడితే అంత బలం. అమెరికా సెంటు 2.5 గ్రాములు. మన రూపాయి బిళ్ళ, 2011లో కొత్త గుర్తుతో వచ్చింది, 3.79 గ్రాములు. అంటే రెండు రూపాయి బిళ్ళలు దాదాపు మూడు సెంట్లకు సమానం. ఇంత చక్కగా కుదిరాక కూడా తప్పు చేశాను. 2019లో వచ్చిన రూపాయి 3.09 గ్రాములే. చిల్లర డబ్బాలో ఉన్నవన్నీ కలిపి వేశాను. లెక్క తేలక, బ్లాంకు అమ్మినవాళ్ళను తిట్టుకున్నాను. నాణేలు ఏరి మళ్ళీ వేస్తే సరిపోయింది. కాలువ గట్టు పెద్దాయన్ను బతిమాలి ఆయన వెదురు కర్రను కూడా అలాగే తూచాను. నాకు కావలసిన బ్లాంకు బలం ఎంతో ఆ కర్ర దగ్గరే తెలిసింది. ఇప్పుడు వాడుతున్నది ఆ కొలతకు దగ్గరగా ఉన్న గాజు పోగు బ్లాంకు, ఏడడుగులది. ఐఎం అంకె దాని మీద లేదు.

కాబట్టి బ్లాంకు కొనబోయేవాళ్ళు ముందు ఏ చేపో తేల్చుకోండి. తర్వాత ఎర బరువు తూచండి, నిలబడే చోట చెట్లున్నాయో పడవో చూసుకోండి. పొడవు, బలం, వంపు వాటిని బట్టే వస్తాయి. పోగు పేరు, ధర ఆఖరున చూసుకోవచ్చు. ఇంకొక మాట, ఇది నవ్వుకునే సంగతి కాదు. కార్బన్‌లో కరెంటు ప్రవహిస్తుంది. మన కాలువ గట్లపొడుగునా కరెంటు తీగలు వేలాడుతూనే ఉంటాయి, ఆ తొమ్మిదడుగుల కర్ర ఎత్తి నేను వాటి కిందే చాలాసార్లు నిలబడ్డాను. తడిసిన వెదురును కూడా నమ్మడానికి లేదు. కర్ర ఏదైనా సరే, విప్పేముందు ఒకసారి తలెత్తి పైకి చూడండి. తీగ కనిపిస్తే అక్కడ గాలం వేయకండి.