ఇరుసు మార్చని ఇంటాయన

మా ఇంట్లో ఏ వస్తువుకూ సహజ మరణం ఉండదు. నేను ఉండనివ్వను. మిక్సీ జారు చీలితే ఎంసీల్, కుర్చీ కాలు ఊగితే బైండింగ్ వైరు, చెప్పు తెగితే పిన్నీసు. దీన్ని నేను పొదుపంటాను. మా ఆవిడ వాడే మాట పత్రికల్లో వెయ్యరు.

మా ఊరు వడ్లమూడిలో ఈ పొదుపుకు నిండా బలైంది మా ట్రాక్టరు ట్రక్కు. రెండు చక్రాలు, ఒకటే ఇరుసు. బస్తా 75 కిలోల లెక్కన 60 బస్తాల వడ్లు ఎత్తితే నాలుగున్నర టన్నులు. ట్రాక్టరు హుక్కు మీద పడేది పోను మిగతాదంతా ఆ ఇరుసే మొయ్యాలి. ఏళ్ల తరబడి మోసీ మోసీ మధ్యలో కుంగింది. చక్రాలు పైన లోపలికి ఒరిగాయి. టైర్లు లోపలి అంచున నున్నగా అరిగి, బయటి అంచున మాత్రం షాపులో కొన్నప్పటిలాగే ఉన్నాయి. టైర్లలో ఇప్పుడు సరుకు లేదని అరుగు మీద కూర్చుని తీర్పిచ్చేశాను.

ఒకసారి దుగ్గిరాల పసుపు యార్డులో ట్రక్కు ఆపి, ఎడమ హబ్బు మీద చెయ్యి వేశాను. వేసినంత వేగంగానే తీశాను. లోపలి గ్రీజు నూనెలా కరిగి డిస్కు మీద నల్లగా కారుతోంది. కుడి హబ్బు మాత్రం గోరువెచ్చగా ఉంది. వెంటనే బేరింగు మార్పించాను. కొన్నాళ్లకే మళ్లీ అదే వేడి.

మెకానిక్కు విసుగొచ్చింది. "బాబాయ్, బేరింగు లోపలి రింగు ఇరుసు మీద బిగుతుగా కూర్చోవాలి. ఆ కూర్చునే చోటే అరిగిపోతే ఎన్ని బేరింగులేసినా అంతే. రింగు ఇరుసు మీద జారి తిరుగుద్ది, కాలుద్ది. ఏదో ఒక రోజు చక్రం నీకంటే ముందు తెనాలి పోద్ది."

"వెల్డింగు కొట్టి లేతు పట్టిస్తేనో?"

"వెల్డింగు వేడికి పక్కనున్న ఇనుము పెళుసెక్కుద్ది. లోడు మీద అక్కడే విరుగుద్ది" అన్నాడు. నాకు కావలసింది ఈ జవాబు కాదు కాబట్టి, సరేనని తలూపే ఇంకో షాపు వెతుక్కున్నాను. నాలాంటి బేరగాళ్లున్నంత కాలం అలాంటి షాపులకేం లోటు?

మా ఆవిడ క్యాలెండరు వెనక లెక్క రాస్తోందని నాకు తెలీదు. టైర్లు, బేరింగులు, గ్రీజు, వెల్డింగు, దారిలో ఆగినప్పుడు సరుకు మార్చడానికి తెచ్చిన అద్దె ట్రక్కు. "ఏవండీ, ఈ డబ్బుతో రెండు ఇరుసులొచ్చేవి. ఒకటి ట్రక్కుకు, ఇంకోటి మీ నడుముకు."

మా ఊరి క్వారీ బాలకోటేశ్వరస్వామి తిరునాళ్లు కూడా దగ్గరపడ్డాయి. సామాను వేసుకెళ్లేది ఆ ట్రక్కులోనే. తప్పక ఇరుసు కొనడానికి బయల్దేరాను. షాపులో నా నోరు అలవాటుగా "సెకండ్ హ్యాండుది..." అనబోయింది. వెనకే వచ్చిన మా ఆవిడ "కొత్తది" అంది. హబ్బులు, బేరింగులతో సహా కొత్త ఇరుసు బిగించారు. ఇప్పుడు హబ్బుల మీద చెయ్యి ఎంతసేపైనా ఉంచుకోవచ్చు. పాత ఇరుసును మాత్రం పాత ఇనుప సామాన్లవాడికి ఇవ్వనివ్వలేదు. గేదెను కట్టడానికి పెరట్లో పాతాను.

మీకూ ట్రక్కుంటే ఖాళీగా ఉన్నప్పుడు, రెండో చక్రానికి రాళ్లు అడ్డుపెట్టి, జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. ఆడుతుంటే నట్టు బిగించి చూడండి. అప్పటికీ ఆడితే బేరింగు మార్చండి. కొత్తది వేశాక కూడా ఆడుతుంటే ఇరుసు మార్చండి. వెల్డింగు షాపు ఎక్కడని మాత్రం నన్నడక్కండి, మా ఆవిడ వింటుంది.