కెమెరా అంకుల్

ఢిల్లీ వసంత్ కుంజ్‌లో కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు మొదటి వారంలో నీళ్ల ట్యాంకరు వేళలు తెలుస్తాయి, రెండో వారంలో కెమెరా అంకుల్ తెలుస్తాడు. ట్యాంకరు ఒక్కోసారి రాకపోవచ్చు. ఇంట్లో ఎనిమిదేళ్లు దాటిన పిల్లో పిల్లాడో ఉండి, వాళ్లు మెట్లు రెండేసి చొప్పున దూకుతున్నారని కబురందితే చాలు, కెమెరా అంకుల్ రాక మానడు. "పిల్ల కాళ్లు చూశానండీ, హర్డిల్స్‌కి పనికొస్తుంది" అంటాడు కాఫీ గ్లాసు అందుకుంటూ. "ఫోటోకి కూడా బాగుంటుంది."

ఈ రెంటిలో ఏది అసలు, ఏది కొసరు అన్నది ఆయనకే తెలియదు. ఆయన సంసారమంతా ఆ తికమక మీదే నడుస్తోంది.

కెమెరా అంకుల్ అంటే ఒక మనిషి కాదు, ఒక జాతి. ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) వాళ్లు కట్టిన ఈ ఫ్లాట్లలో సెక్టార్ ఎ నుంచి డి దాకా, పాకెట్ అని పిలిచే ఒక్కో ఇళ్ల సముదాయానికి ఒకడు చొప్పున దొరుకుతాడు. పంజాబీ రకం ఉంది, బెంగాలీ రకం ఉంది. నాకు బాగా తెలిసింది తెలుగు రకం కాబట్టి దాని సంగతే చెబుతాను.

తెలుగు రకం తెనాలి నుంచో ఖమ్మం నుంచో సివిల్స్ రాయడానికని ఢిల్లీ వస్తుంది. కరోల్‌బాగ్‌లో గది తీసుకుంటుంది. ప్రిలిమ్స్ పోతుంది, మళ్లీ పోతుంది. తోటివాళ్లు కలెక్టర్లవుతుంటే వాళ్ల ట్రైనింగుకు పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీసిపెట్టి, అందులో నైపుణ్యం సంపాదిస్తుంది. ఈలోగా కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం చేస్తున్న అమ్మాయితో పెళ్లవుతుంది. అక్కడి నుంచి ఇంటి ఖర్చు ఆవిడ జీతం, లెన్సుల వాయిదాలు ఈయన ఫోటోలు తీసే పెళ్లిళ్లు. పెళ్లిళ్లంటే ఛతర్‌పూర్ ఫామ్‌హౌసుల్లో జరిగేవి. అక్కడ వరుడు గుర్రం దిగేసరికి మన వైపు రెండో రోజు వంటలు మొదలవుతాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఢిల్లీలో పెళ్లిళ్ల కాలమూ బడుల ఆటల పోటీల కాలమూ ఒకటే: చలికాలం. అగ్ని చుట్టూ తిరిగే ఫేరే ముగిసేసరికి తెల్లవారుజామున మూడవుతుంది, గ్రౌండులో రిపోర్టింగు ఆరింటికి. మధ్యలో ఆయన వ్యాగన్ ఆర్‌లో నలుగురు పిల్లల్ని ఎక్కించుకోవాలి. అందులో ఒకరు సొంత కూతురు, ఇద్దరు కిషన్‌గఢ్, మసూద్‌పూర్ ఇరుకు సందుల పిల్లలు. నాలుగో వాడు ఎవరి పిల్లాడో ఆయనకు దారిలో గుర్తొస్తుంది. నిద్ర లేని కళ్లతో ఒకసారి పెళ్లికూతురికి "ఆన్ యువర్ మార్క్స్" అన్నాడని, వంద మీటర్ల పందెగాడికి "కొంచెం సిగ్గుపడు నాన్నా" అన్నాడని పాకెట్‌లో చెప్పుకుంటారు. మొదటిది నిజం కాదంటాడు. రెండో దానికి సమాధానం చెప్పడు.

చేతిలో ఎప్పుడూ ఒక పెద్ద సంచి. కెమెరా సంచీ అనుకుంటాం. తెరిస్తే స్పైక్స్ బూట్లు, గ్లూకోజు పొట్లాలు, అరటిపళ్లు, నొప్పుల స్ప్రే, చెస్ట్ నంబర్లకు గుచ్చే పిన్నీసులు, ఎవరివో జనన ధ్రువీకరణ పత్రాల జిరాక్సులు, అట్టడుగున తువ్వాలులో చుట్టిన డెబ్భై–రెండు వందల మిల్లీమీటర్ల లెన్సు. లెన్సుకు బూజు పట్టకుండా ఆయన సిలికా జెల్ పొట్లాలు వేస్తాడు. కూతురు వాటిని తీసి బూట్లలో పెడుతుంది. రెండింటికీ అవసరమే, కాదనలేం.

ఇక ఆదివారం మధ్యాహ్నం పోర్ట్రెయిట్ల కార్యక్రమం. సోఫా బాల్కనీలోకి వెళ్తుంది, గోడకు నల్లగుడ్డ ఎక్కుతుంది, అటొకటి ఇటొకటి పొడుగాటి సాఫ్ట్‌బాక్సులు నిలబడతాయి. వెలుగు మొహం మీద పడకూడదు, భుజాల అంచుల వెంట గీత గీసినట్టు రావాలి. ఇంటర్నేషనల్ లుక్ అట. వచ్చినవాడు నాలుగో తరగతి, పైన రెండు పళ్లు లేవు.

"కోపంగా చూడు నాన్నా."

"ఎవర్ని అంకుల్?"

"ప్రత్యర్థిని."

"వాడు నా ఫ్రెండు అంకుల్."

"సరే, లెక్కల టీచర్ని తలుచుకో."

వాడు తలుచుకున్నాడు. ఏడుపు మొదలైంది.

ఓదార్చాక రెండో అంకం. చెమట కావాలి. డిసెంబరు ఢిల్లీలో పిల్లాడికి చెమటెక్కడిది? నీళ్లలో గ్లిజరిన్ కలిపి స్ప్రే కొడతాడు. ఇది ఈ వృత్తిలో ప్రపంచమంతా చేసేదే, జారిపోకుండా బొట్లు బొట్లుగా నిలుస్తుంది. పిల్లాడి తల్లి మాత్రం ప్రతి రెండు క్లిక్కులకోసారి కొంగుతో తుడిచేస్తుంటుంది, జలుబు చేస్తుందని. తర్వాత అరచేతుల్లో పౌడరు పోసి చప్పట్లు కొట్టించడం. వెయిట్‌లిఫ్టర్లకు లేచినట్టు పొగ లేవాలి. పొగ లేస్తుంది, పిల్లాడు తుమ్ముతాడు, అప్పుడే పాలం విమానాశ్రయంలో దిగబోయే విమానమొకటి నెత్తి మీదుగా పోతూ కిటికీ అద్దాలు గడగడలాడిస్తుంది, పిల్లాడు అటు చూస్తాడు. ఆ చూపు ఉంది చూశారూ, పైకి, దూరంగా, నోరు కొంచెం తెరిచి! అదే క్లిక్కు. వారం తర్వాత ఆ ఫోటో మూడడుగుల పోస్టరై వాళ్ల పడగ్గదిలో వెలుస్తుంది. ఒలింపిక్స్ కలలు కంటున్న బాలుడు అని బంధువులంతా మెచ్చుకుంటారు. వాడు చూసింది విమానాన్ని.

తండ్రులది ఇంకో బాధ. "కండలు కనబడేట్టు చెయ్యండి" అంటారు. ఉన్నవి కనబడేట్టు చేస్తాను అంటాడు ఈయన మర్యాదగా. ఒకాయన ఇంకా ముందుకెళ్లి, అండర్–14 ఎంట్రీ ఫారానికి అంటించే ఫోటోలో కొడుకు మీసాలు తీసేయమన్నాడు. కెమెరా అంకుల్‌కు ఫోటోషాప్‌లో మీసం ఎంతసేపు? కానీ చెయ్యలేదు. "మీసం నేను తీస్తానండీ, మణికట్టు ఎముక ఎవరు తీస్తారు?" అన్నాడు. వయసు దొంగతనం పట్టుకోవడానికి మణికట్టు ఎక్స్‌రే తీస్తారు, ఎముకల చివర్ల దగ్గరి ఎదుగుదల పలకలు ఎంత మూసుకున్నాయో చూసి వయసు అంచనా కడతారు. ఆ తండ్రి అప్పటి నుంచి ఈయనతో మాట్లాడడం లేదు. పిల్లాడు మాత్రం రోజూ గ్రౌండుకు వస్తున్నాడు, అండర్–16లో.

ఇంట్లో ఆవిడకు ఈ ఆటలంటే వ్యతిరేకత లేదు, లెక్కలంటే పట్టింపు ఉంది. "ఏవండీ, ఇలా గ్రౌండ్ల వెంట తిప్పితే పిల్ల చదువు ఏమవుతుంది?" అని అడిగింది.

"వైస్ ఛాన్సలర్ అవుతుంది" అన్నాడు.

హాస్యం కాదు. సిడ్నీలో 2000లో కాంస్యం ఎత్తుకొచ్చిన మన కరణం మల్లీశ్వరినే 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్‌గా వేశారు. ఇంట్లో ఆవిడ ఆ రోజుకి ఊరుకుంది. మర్నాడు లెన్సు వాయిదా కట్టమని బ్యాంకు మెసేజ్ వచ్చినప్పుడు, "వైస్ ఛాన్సలర్ గారి నాన్నగారూ" అని పిలిచింది.

గ్రౌండులో ఆయన హోదా వేరు. పందెం ముగియగానే తల్లిదండ్రులంతా జడ్జీల దగ్గరికి కాదు, ఈయన దగ్గరికి పరుగెడతారు. "అంకుల్, మీ ఫోటోలో చూడండి, మావాడే కదా ముందు?" ఆయన ఓపిగ్గా చెబుతాడు. ఐమూలగా నిలబడి తీసిన ఫోటోలో కెమెరాకు దగ్గరున్నవాడే ముందున్నట్టు కనిపిస్తాడు. అసలు ఫోటో ఫినిష్ కెమెరా మైదానాన్ని తీయదు. ముగింపు గీతకు సరిగ్గా సూటిగా నిలబడి, సన్నటి చీలికలోంచి ఆ గీత ఒక్కదాన్నే క్షణం తర్వాత క్షణం తీసి పక్కపక్కన పేరుస్తుంది. చెయ్యి తగిలినా, తల తగిలినా లెక్కలోకి రాదు, మొండెం తగలాలి. 1984 లాస్ ఏంజెలెస్‌లో పి.టి.ఉష నాలుగు వందల మీటర్ల హర్డిల్స్ కాంస్యం పోగొట్టుకున్నది సెకనులో నూరో వంతు తేడాతో. ఇంత చెప్పాక వాళ్లు శ్రద్ధగా విని, "అయితే మావాడే కదా?" అంటారు.

మరి సొంత కూతురి పందెమో? ఆ పిల్ల హర్డిల్స్ పరుగెడుతుంది. గదిలో విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి బొమ్మ ఉంటుంది. వంద మీటర్ల హర్డిల్స్‌లో 2002 నుంచి కదలని జాతీయ రికార్డును 2022లో పగలగొట్టి, 2023లో ఆసియా ఛాంపియనై, 2024లో పారిస్ వెళ్లిన అమ్మాయి. ఆ బొమ్మ మాత్రం కెమెరా అంకుల్ తీసింది కాదు. ఈయన తీసిన కూతురి ఫోటోలు ఇంట్లో ఉన్నాయి: మొదటి హర్డిల్ దాకా అద్భుతం, రెండోది ఫరవాలేదు, ఆఖరిది టోపీ పెట్టుకున్న ఒక టెక్నికల్ ఆఫీసరు గారి వీపు. పక్కవాళ్ల పిల్లలకు చక్కగా కుదిరే చెయ్యి ఆ పద్నాలుగు, పదిహేను సెకన్లలో మోనోపాడ్‌ను కూడా వణికిస్తుంది. పైగా కేకలు వేయకూడదు, వేస్తే ఫ్రేము కదులుతుంది. అందుకని గ్రౌండు మొత్తం మీద కూతురి పేరు అరవని తండ్రి ఈయనొక్కడే. పందెం అయ్యాక ఆ పిల్ల వచ్చి, "నాన్నా, నువ్వెక్కడున్నావు?" అని అడుగుతుంది. ఆయన అప్పటికి ఆమెకు ఐదడుగుల దూరంలో నేల మీద పడుకుని ఉంటాడు.

డ్రాయింగ్ రూములో వేలాడే పెద్ద ఫోటో మహమ్మద్ అలీది. 1965 మే 25న అమెరికాలో లూయిస్టన్ అనే ఊళ్లో, కింద పడిన సన్నీ లిస్టన్ మీదికి వంగి, లేవరా అన్నట్టు అరుస్తున్న ఫోటో. తీసినవాడు నీల్ లైఫర్. అందరూ అలీని చూస్తారు. ఈయన అతిథుల్ని దగ్గరికి తీసుకెళ్లి అలీ కాళ్ల మధ్య వేలు పెట్టి చూపిస్తాడు. అక్కడ, రింగుకు అవతలి వైపు, కెమెరా పట్టుకుని ఒక బట్టతల పెద్దమనిషి ఉన్నాడు. పేరు హెర్బ్ షార్ఫ్‌మన్. లైఫర్ పనిచేసిన పత్రికకే ఫోటోగ్రాఫరు, వయసులో అతని కంటే పెద్దవాడు. ఆ క్షణంలో ఆయనకు కనబడింది అలీ వీపు. "నా గురువు" అంటాడు కెమెరా అంకుల్ ఆ వేలు తీయకుండానే.

ఈ దేశంలో వచ్చిన ఆటల ఫోటోల్లో గొప్పదేది అని ఆయన్ని అడిగితే ఇంకా వింతైన జవాబొస్తుంది. అందులో ఆటగాడే లేడు, కుక్క ఉంది. 2022 మే నెలలో త్యాగరాజ్ స్టేడియంలో సాయంత్రం ఏడింటికే తమను ఖాళీ చేయిస్తున్నారని, తర్వాత ఒక ఐఏఎస్ అధికారి అక్కడ కుక్కను తిప్పుకుంటున్నారని క్రీడాకారులు, కోచ్‌లు ఆరోపించారు. ఎవర్నీ వెళ్లమనలేదని అధికారి అన్నారు. ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక కథనంతో పాటు ట్రాక్ మీద కుక్క ఫోటో కూడా వేసింది. ఆ వెంటనే ఢిల్లీ ప్రభుత్వం తన స్టేడియాలన్నీ రాత్రి పది దాకా తెరిచి ఉంచాలని ఆదేశించింది, అధికారిని లద్దాఖ్‌కు బదిలీ చేశారు. "చూశారా, ఒక్క ఫోటోకి మూడు గంటల ప్రాక్టీసు" అంటాడు ఈయన. ఆ సాయంత్రం తను అక్కడ లేకపోయానే అన్న దిగులు ఇప్పటికీ తీరలేదు.

కాలుష్యం విషయంలో మాత్రం ఆయన మాట నమ్మకండి. నవంబరులో ఊరంతా ముక్కు మూసుకుంటే ఈయన బాల్కనీలోకొచ్చి, "ఎంత సాఫ్ట్ లైటండీ!" అంటాడు. ఆకాశమే డిఫ్యూజరు, నీడల్లేవు, కళ్ల కింద గుంతలుండవు. 2017లో శ్రీలంక క్రికెటర్లు ఢిల్లీ టెస్టులో మాస్కులు కట్టుకుని ఫీల్డింగ్ చేస్తే కళ్ల మీద వెలుగు ఎంత బాగా పడిందో అని మురిసిపోయిన మనిషి. అయితే గాలి బాగోలేదని బడులు పోటీలు ఆపేసిన రోజున మొట్టమొదట ఫోన్ చేసి పిల్లల్ని ఇంట్లోనే ఉంచమని చెప్పేదీ ఈయనే. చెప్పి, ఎవరూ లేని గ్రౌండుకు వెళ్లి పొగమంచులో ఖాళీ హర్డిళ్లను ఫోటో తీసుకొస్తాడు.

2025 శరదృతువులో నెహ్రూ స్టేడియంలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. కూతురు ఒక షరతు పెట్టింది: కెమెరా లేకుండా వస్తేనే వస్తాను. ఒప్పుకున్నాడు. వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల, కూలీల బిడ్డ, అంతకుముందు ఏడాది కోబెలో స్వర్ణం, పారిస్‌లో కాంస్యం తెచ్చిన జీవంజి దీప్తి ఆ రోజు నాలుగు వందల మీటర్లలో రజతం గెలిచింది. మన కెమెరా అంకుల్ పక్కనే నేను కూర్చున్నాను. పందెం సాగినంతసేపూ ఆయన చూపుడువేలు నీళ్ల సీసా మూతను సగం సగం నొక్కుతూనే ఉంది. అయ్యాక నా వైపు తిరిగి, "నాలుగు వందల మీటర్లు ఇంత పొడుగుంటుందాండీ?" అన్నాడు. సెకనులో వెయ్యో వంతు చొప్పున ముక్కలుగా తప్ప పరుగును ఎన్నడూ చూడని మనిషి అడగాల్సిన ప్రశ్నే.

ఇంత ఎగతాళి చేశాక ఆయన ఘనత కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. పోటీల్లో పతకాలు ముగ్గురికి. మైకులో చదివేది మూడు పేర్లు. నిర్వాహకులకు, స్పాన్సర్లకు, ముఖ్య అతిథికి ఆ ముగ్గురితోనే పని. కానీ ఫోటో ఎనిమిది మందికీ అమ్ముడుపోతుంది. గెలిచినవాడి తండ్రి పతకం చాలనుకుంటాడు, ఎనిమిదో వాడి తల్లి ఫోటో అడుగుతుంది. అందుచేత ఎనిమిదో స్థానంలో వచ్చే పిల్లాడు పందెం మధ్యలో మానేయకుండా చివరిదాకా పరుగెత్తాలని మనసారా కోరుకునే ఏకైక పెద్దమనిషి గ్రౌండులో ఈయనే. అది వ్యాపారమే కావచ్చు. కానీ ఆ ఎనిమిది మంది పేర్లూ, ఎవరి బూట్లు ఎక్కడ చిరిగాయో, ఎవరికి మడమ నొప్పో ఆయనకు నోటికొచ్చు. కిషన్‌గఢ్ పిల్లల స్పైక్స్‌లో సగం ఎవరి ఫోటోల డబ్బుతో కొన్నవో వాళ్లకూ తెలియదు. ఆయన భార్యకు తెలుసు, అందుకే లెక్క అడుగుతుంది గాని గట్టిగా అడగదు.

చివరిగా మన పాకెట్ తెలుగువాళ్లకు ఒక మాట. ఆయన శాంపిల్‌గా పంపిన ఫోటోలను స్క్రీన్‌షాట్ తీసి, పిల్లాడి నుదుటి మీద అడ్డంగా ఆయన వాటర్‌మార్కుతో సహా వాట్సాప్ డీపీ పెట్టుకున్నవాళ్లు గ్రూపులో చాలామంది ఉన్నారు. ఆయన చూస్తూనే ఉన్నాడు, మొహమాటానికి ఏమీ అనడం లేదు. ఫోటోకు ఆయన అడిగేది ఆ రోజు గ్రౌండు బయట మీ పిల్లలు తిన్న మోమోల ఖరీదు కంటే ఎక్కువేమీ కాదు. దయచేసి ఇచ్చేయండి. వచ్చే శనివారం పోటీలున్నాయి. ముగింపు గీత దగ్గర ఆయనకు అడ్డంగా మాత్రం నిలబడకండి.