పులసకి పూనకం

అమలాపురంలో దీపాలు పెట్టే వేళకి మా ఇంట్లో మూడు మొదలవుతాయి. దోమలు, టీవీ సీరియళ్ళు, పులస. దోమలకి తెర ఉంది, సీరియళ్ళకి రిమోట్ ఉంది. పులసకే ఇంతవరకూ ఎవరూ ఏమీ కనిపెట్టలేదు.

పులస అంటే చేప కాదు, పిల్లిపిల్ల. గోదావరికి ఎర్రనీరు వచ్చి లంకల్లో పడవలు తిరిగే రోజుల్లో, ఎవరింటి పిల్లో తన సంతానాన్ని నోట కరుచుకుని ఏడిళ్ళు తిప్పుతూ, ఆరో ఇంటికీ ఏడో ఇంటికీ మధ్య దీన్ని మా పెరట్లో కొబ్బరి డొక్కల గుట్ట మీద మర్చిపోయింది. పులసలు పడే రోజులు కాబట్టి మావయ్యగారు ఆ పేరు ఖాయం చేసేశారు. "దాని ధర వింటే గుండె ఆగేలా ఉంది. మనింట్లో పులస ఉందని చెప్పుకునే యోగం ఇలాగైనా పట్టనీ" అన్నారు.

పగలు చూస్తే దీన్ని మించిన సాధువు లేదు. ఉయ్యాలబల్ల మీద పొట్ట పైకి పెట్టి, ఎవరు ఊపినా కళ్ళు విప్పకుండా పడుకుంటుంది. సాయంత్రం ఆరున్నర దాటిందా, కళ్ళలో నల్లగుడ్డు పెద్దదవుతుంది. చెవులు వెనక్కి పోతాయి. తోక సీసాలు కడిగే బ్రష్‌లా ఉబ్బుతుంది. వీపు పైకెత్తి, నాలుగు కాళ్ళ మీదా అడ్డంగా గెంతుతూ యుద్ధానికొస్తుంది. ఎదురుగా ఎవరూ ఉండరు. ఆ లేని శత్రువుని తరుముకుంటూ వసారా ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తి, నున్నటి గచ్చు మీద మలుపు తిరగలేక జారి, బియ్యం డబ్బాకి గుద్దుకుని, తప్పు డబ్బాదే అన్నట్టు దాన్ని రెండు దెబ్బలు కొట్టి, మావయ్యగారి పంచె పట్టుకు వేలాడి, దారిలో నా మడమ కొరికి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. కూర్చుని తీరిగ్గా కాలు నాక్కుంటుంది. ఇదంతా సీరియల్ మధ్యలో ప్రకటనలు అయిపోయేలోపే.

కోనసీమలో ఎవరికి నలతగా ఉన్నా, డాక్టరు దగ్గరికి చేరేలోపు వీధి వీధంతా మందు చెప్పేస్తుంది. పిల్లిపిల్లకి మాత్రం మినహాయింపు ఎందుకుంటుంది?

అత్తయ్యగారు దిష్టి అన్నారు. ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని ముమ్మారు తిప్పబోయారు. పులస ఆ చేతివంక మొదటి చుట్టు శ్రద్ధగా చూసింది, రెండో చుట్టుకి నడుం ఆడించింది, మూడో చుట్టుకి ఎగిరి పట్టుకుంది. మిరపకాయలు పొయ్యిలోకి చేరలేదు గానీ రోగలక్షణం మాత్రం ఆ గుప్పిట దగ్గరే తేలిపోయింది. కదిలేదేదైనా దానికి వేటే. ఆ మాట మేం డాక్టరు నోటి నుంచి వినేదాకా నమ్మలేదు.

కొబ్బరి దింపు తీయడానికొచ్చినతను చెట్టు దిగుతూనే తేల్చేశాడు. "ఆయ్, ఇది కుప్పింటాకు పనండి. వేరు నమిలేసుంటాదండి." కొట్టిపారేసే మాట కాదు. పాశ్చాత్య దేశాల్లో పిల్లులకి క్యాట్‌నిప్ అనే పుదీనా జాతి మొక్క ఎక్కించే మత్తే, మన పెరళ్ళలో కలుపుగా మొలిచే కుప్పింట మొక్క వేరు ఎక్కిస్తుంది. మొక్కని పీకి వేరు పైకి తేలేలా పడేస్తే చాలు, పెద్ద పిల్లులు వాసన పట్టుకుని వచ్చి దాని మీద దొర్లుతాయి. మా పెరట్లో కలుపు తీయించిన రోజున పక్కింటి గండుపిల్లి అలాగే వచ్చి, పరువు మర్యాద మరిచి పొర్లాడి పోయింది. అయితే క్యాట్‌నిప్ మత్తు మూడు నెలలు నిండని పిల్లలకి సాధారణంగా ఎక్కదు. మా పులసవి ఇంకా పాలపళ్ళే. ఇరవయ్యారు పళ్ళు, ఇరవయ్యారూ నా మడమ మీదే ప్రయోగిస్తుంది.

ఎదురింటి రిటైర్డు మాస్టారు వచ్చి, చేతికర్ర గోడకి ఆనించి, తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మొదలుపెట్టారు. రాయలవారు ఎలుకల బాధ పోవాలని ఇంటింటికీ పిల్లినీ, దాని పాలకి ఆవునీ ఇవ్వడం, రామకృష్ణుడు మొదటిరోజే సలసల కాగే పాలు పెట్టడం, ఆనక ఆ పిల్లి పాలగిన్నె చూస్తేనే పారిపోవడం. "చూశారూ, ఒక్కసారి మూతి కాలితే జన్మంతా గుర్తుంటుంది. మీరేమైనా..." అని అత్తయ్యగారి వంక చూశారు. ఆ రోజు మాస్టారికి కాఫీ రాలేదు. మాట మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. చీపురుతో దెబ్బ తిన్న పిల్లిపిల్ల చీపురు కనబడితే మీద పడుతుంది. పారిపోయే దారి మూసేస్తే మరీను. గదిలో పెట్టి కొడితే పిల్లయినా పులవుతుందని మనవాళ్ళు ఏ విశ్వవిద్యాలయానికీ వెళ్ళకుండానే చెప్పారు.

ఆఖరికి పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళాం. వరసలో మా ముందు రెండు గేదెలు, వెనక ఒక పెయ్య. బుట్టలోంచి బయటికొచ్చిన పులస మూతి చూసి గేదె తాలూకు పెద్దాయన, "ఎన్ని లీటర్లిస్తాదండి?" అన్నాడు. మా ఆయన తల దించుకున్నారు.

డాక్టరుగారు పులసని నోటి నుంచి తోక దాకా తడిమి, బొచ్చు పాయలు తీసి పిడుదుల కోసం వెతికి, అడిగిన మొదటి ప్రశ్న, "చేతుల్తో ఆడిస్తున్నారా?" మా ఆయన మడిచిన చొక్కా చేతులు నెమ్మదిగా కిందికి దించుకున్నారు. రెండో ప్రశ్న, "దీని తోడబుట్టినవాళ్ళేరీ?" ఏడిళ్ళ కథ చెప్పాం. ఆయనకి అక్కడే సగం అర్థమైపోయింది.

పిల్లిపిల్లలు కొరకడం పుట్టుకతోనే నేర్చుకొస్తాయి, ఎంత గట్టిగా కొరకాలో మాత్రం అన్నదమ్ముల దగ్గర నేర్చుకుంటాయి. ఒకటి గట్టిగా కరిస్తే రెండోది కీచుమని ఆట మానేస్తుంది, లేదా తిరిగి అంతే గట్టిగా కరుస్తుంది. పుట్టిన కొన్ని వారాలకే ఈ బడి మొదలవుతుంది. మా పులస ఆ బడి సగంలో మానేసి డొక్కల గుట్ట మీద దిగింది. దాని లెక్కలో మా ఆయన చెయ్యే అన్న, నా మడమే తమ్ముడు.

ఇక సాయంత్రం పూనకం సంగతి. పిల్లి జాతికి వేట వేళలు తెల్లవారుజామూ మునిమాపూ. పిల్లిపిల్ల రోజులో పద్దెనిమిది గంటలు కూడా పడుకోగలదు. పగలంతా నిద్రలో దాచుకున్న బలం మసక వెలుతురు పడేసరికి పైకి తన్నుకొస్తుంది. అడవిలో అయితే అది ఎలుక మీద ఖర్చవుతుంది. మా వసారాలో ఎలుక దొరకదు కాబట్టి పంచె మీద ఖర్చవుతుంది. రెండో నెల నుంచి నాలుగో నెల దాకా ఈ ఆట పతాకస్థాయిలో ఉంటుందట. కొన్ని పిల్లులు దొడ్డికెళ్ళొచ్చిన వెంటనే కూడా ఇలాగే ఓ పరుగు తీస్తాయి. ఆ ఆనందం ఎందుకో మావయ్యగారికి డాక్టరు చెప్పకుండానే తెలుసునట.

పాలు మానెయ్యమన్నారు డాక్టరుగారు. తల్లిపాలు మానాక చాలా పిల్లులకి ఆవుపాలూ గేదెపాలూ అరగవట, కడుపు నొప్పికి చిరాకుపడతాయట. మావయ్యగారు ఒప్పుకోలేదు. "పిల్లి పాలు తాక్కపోతే మన సామెతలేం కావాలండీ?"

లేని శత్రువు గుట్టు కూడా అక్కడే వీడింది. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర చేతులెత్తేస్తుంది. పిల్లి చెవి 60 దాటి వింటుంది, ఎలుకలు తమలో తాము మాట్లాడుకునే ఆ సన్నటి కీచులాటతో సహా. మా అటక మీద కురిడీ కాయలు నెలల తరబడి ఎండుతుంటాయి. లోపలి కురిడీ చిప్ప విడి గలగలమనేదాకా వాటిని కదపం. వాటి మధ్య ఏ ఎలుక ఏ ఎలుకతో ఏం చెప్పుకుందో మాకు వినబడదు. కింద గోడవంక చూస్తూ నిలబడ్డ పులసకి మొత్తం సంభాషణ వినబడుతుంది. అది దెయ్యాన్ని చూసిందని పనిమనిషి ఒకపూట మానేసింది.

నాకు అన్నిటికన్నా నచ్చినది గోడమీద పిల్లి వ్యవహారం. మన దగ్గర ఆ మాట రాజకీయ నాయకులకి వాడతాం గానీ, మాకు అసలుదే ఉంది. కుప్పింట వేరు మీద దొర్లిన గండుపిల్లే. అది ప్రహరీ మీద కూర్చుని కిటికీలోంచి పులస వంక చూస్తుంది. పులసకి ఒళ్ళంతా కోపం. మధ్యలో కిటికీ ఊచలకి దోమల జాలీ. గండుపిల్లి అందదు, కోపం చల్లారదు, ఆ క్షణాన పక్కన ఎవరి కాలుంటే ఆ కాలికి పళ్ళు దిగుతాయి. ఊరికే నిమరబోయినవాళ్ళు కూడా బలే. దీన్ని దారి మళ్ళిన కోపం అంటారు పశువైద్యులు. మావయ్యగారు పొద్దున్నే పేపర్లో రాజకీయాలు చదివి కాఫీలో పంచదార తక్కువైందని ఇల్లెగరగొడతారు చూడండి, సరిగ్గా అదే. నిమిరేటప్పుడు తోక నేలకేసి కొడుతున్నా, వీపు మీద చర్మం అలలా వణికినా చెయ్యి తీసెయ్యాలన్నారు డాక్టరుగారు. మావయ్యగారికి చెవులు ఎర్రబడతాయి, అదొక్కటే తేడా.

కాటు పడితే మాత్రం నవ్వులాట వద్దు. ఆడుతూ కొరికినా, గీరి రక్తం వచ్చినా, కుళాయి కింద సబ్బుతో పావుగంట కడగాలి. సున్నం, కారం, పసరు ఏవీ పెట్టకూడదు. వెంటనే రేబీస్ టీకాకి వెళ్ళాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల పాత మందు మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు భుజానికే, సర్కారు ఆస్పత్రుల్లో 0, 3, 7, 28 రోజుల లెక్కన. కరిచిన పిల్లిని పదిరోజులు కనిపెట్టి చూడాలి. గొంతు మారి, చొంగ కారుస్తూ, ఏ కారణమూ లేకుండా మీద పడుతూ, వెనక కాళ్ళు ఈడుస్తుంటే అది ఆట కాదు, దాని దగ్గరికి వెళ్ళకూడదు. పిల్లకి మూడు నెలలు నిండాక టీకా వేయించాలి. ఇంకొకటి, కుక్కల పిడుదులకి వేసే పెర్మెత్రిన్ మందు పిల్లి మీద చుక్క పడ్డా వణుకుతో మూర్ఛలు రావచ్చు. అదీ పూనకంలాగే కనిపిస్తుంది, ప్రాణం మీదికొస్తుంది.

నా మడమ సంగతి సర్కారు ఆస్పత్రిలో చీటీ రాసే అమ్మాయికి చెప్పాను.

"ఏం కరిచిందండి?"

"పులసండి."

పెన్ను ఆగింది. "చేపాండి?"

వెనక వరసలో అందరూ నా కాలు చూడ్డానికి వంగారు. మొదటి సూది నొప్పి నాకు తెలియలేదు.

పులసకి పశువుల డాక్టరుగారు చెప్పిన వైద్యం ఖర్చు లేనిది. చేతుల ఆట బంద్. కొబ్బరి ఈనె చివర దారం, దారం చివర కోడి ఈక కట్టి, దీపాల వేళకి ముందే పది పదిహేను నిమిషాలు ఆడించి, ఆఖర్న ఈకని పట్టుకోనిచ్చి, వెంటనే అన్నం పెట్టాలి. వేట, విందు, నిద్ర. ఈ ఉద్యోగం మావయ్యగారు తీసుకున్నారు. పదవీ విరమణ తర్వాత ఆయన ఇంత సమయపాలన చూపించిన పని ఇంకోటి లేదు. ఆరు కొట్టకముందే ఈనె పట్టుకుని వసారాలో తయారు. మొదట కూర్చుని ఆడించేవారు, తర్వాత నిలబడి, ఇప్పుడు పంచె ఎగ్గట్టి పులస కన్నా ముందు పరిగెడుతున్నారు. మలుపు దగ్గర ఆయనకీ జారుతోంది. కాట్లు బాగా తగ్గాయి. బియ్యం డబ్బాకి మాత్రం ఇప్పుడు ఇద్దరు శత్రువులు.

దీనికి ఇంచుమించు ఇదే వయసు తోడు ఇంకోటుంటే మీ కాళ్ళకి పూర్తిగా విముక్తి అని డాక్టరుగారు అన్న మాట మావయ్యగారి మనసులో పడిపోయింది. మొన్న భోజనాల దగ్గర మెల్లగా తీశారు.

"బోడసకుర్రులో ఒకళ్ళింట్లో మూడు పిల్లలున్నాయిట. ఒకటి తెచ్చుకుందాం. పేరు కూడా అనుకున్నాను. శీలావతి."

అత్తయ్యగారు చారు గరిట గిన్నెలో పడేశారు.

"శీలావతి మా పిన్ని పేరు. 'మా శీలావతి కరిచిందండి' అని ఆస్పత్రిలో చెప్పడానికి నేను రాను. కావాలంటే మీ అక్కయ్య పేరు పెట్టుకోండి, ఆవిడ కరిచినా ఎవరూ ఆశ్చర్యపోరు."