డౌన్‌పేమెంటు డబ్బు దాచడానికి దివ్యమైన చోట్లు

అద్దెకిచ్చుకుందామని హైదరాబాదులో అరవై లక్షల ఫ్లాటు చూశారు. బ్యాంకు 80 శాతం దాకా అప్పిస్తుంది కాబట్టి పన్నెండు లక్షలు కూడితే చాలు. రిజిస్ట్రేషను ఖర్చులు ఇంకో 7.5 శాతం, అంటే నాలుగున్నర లక్షలు అవుతాయనీ, వాటికి బ్యాంకు అప్పివ్వదనీ కొందరు అపశకునం పలుకుతారు. అది సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కే రోజున చూసుకోవచ్చు.

కొంత సొమ్ము నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పండి. ఏడాదికి 24 శాతం, ఏ బ్యాంకిస్తుంది? నోటు రాయించుకున్నా మూడేళ్ళలోపు తిరగరాయమని అడక్కండి. గడువు దాటితే దాని మీద దావా నిలవదని అప్పు తీసుకున్నాయనకి తెలుసు. మీకు తెలియకపోవడమే స్నేహానికి మంచిది.

చీటీ వేస్తే రిజిస్టరైన కంపెనీ జోలికి పోవద్దు. 1982 చట్టం ప్రకారం నడిపేవాడు ముందే సెక్యూరిటీ కట్టాలి, కమీషను 7 శాతం దాటకూడదు, అన్నీ ఆంక్షలే. మూడో అంతస్తు ఆంటీ చీటీకి కాగితాలుండవు, టీ ఉంటుంది. రెండో నెలలోనే ఎంత నష్టానికైనా పాడి ఎత్తేయండి. ఆ డబ్బునీ రెండు రూపాయల వడ్డీకి ఇవ్వొచ్చు.

బంగారమైతే హారమే కొనండి. తరుగు, మజూరీ, జీఎస్టీ కొన్నరోజే పోతాయి, ఇక పీడ వదిలినట్టే.

అసలు రుచి ప్రీలాంచ్‌లో ఉంది. చదరపు అడుగు సగం ధరకే, కాకపోతే మొత్తం ముందే కట్టాలి. రెరా నంబరు లేకుండా అమ్మకూడదనీ, అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా పదో వంతుకు మించి తీసుకోకూడదనీ చట్టం అంటుంది. బిల్డరు నవ్వుతూ బ్రోచరు చేతిలో పెడుతుంటే సెక్షన్లు చదవడం మర్యాదా? నేను కట్టినచోట నాలుగేళ్ళుగా పునాది గోతిలో వాననీళ్ళు నిలుస్తున్నాయి. ఈత కొలను మాట మాత్రం నిలబెట్టుకున్నారు.

మా బావమరిది ఇవేవీ వినలేదు. పిరికివాడు. పదహారున్నర లక్షలూ నాలుగు బ్యాంకుల్లో ఎఫ్‌డీ వేశాడు. డిపాజిట్ బీమా వడ్డీతో కలిపి బ్యాంకుకి 5 లక్షల వరకేనట. గడువులు కూడా అగ్రిమెంటు నెలకి అందేలా పెట్టుకున్నాడు. వచ్చిన కాస్త వడ్డీ మీదా పన్ను కట్టాడు. ఏం బతుకో!

కిందటేడు ఫ్లాటు కొన్నాడు. మేం అందులోనే అద్దెకుంటున్నాం. అయినవాడు కదా, నెలాఖరు దాకా ఆగుతాడనుకున్నాను. ఐదో తారీఖు దాటితే చాలు, “బావా, అద్దె” అని మెసేజి.