కోర్సుచూపులు

దోహా నుంచి పడమటికి ఎనభై కిలోమీటర్లు వస్తే రోడ్డు సముద్రం దగ్గర ఆగిపోతుంది. అదే దుఖాన్. ఖతార్‌లో మొట్టమొదట చమురు పడింది ఇక్కడే. డ్యూటీ దిగాక మనిషికి పెద్దగా పనేమీ ఉండదు గనక, క్యాంపులో ప్రతివాడూ ఏదో ఒక పరీక్షకి చదువుతున్నట్టే ఉంటాడు. ఒకడిది సేఫ్టీవాళ్ల నెబాష్, ఇంకొకడిది ఇంగ్లీషు ఐఈఎల్‌టీఎస్. మా బావగారిది చైనీస్.

బావగారంటే నాకేం చుట్టం కాదు. కోనసీమ మనిషి. వరస కలపకుండా మంచినీళ్లు కూడా అడగరు, ఆయ్. అందుకని క్యాంపులో అందరికీ ఆయన బావగారే.

అల్ ఖర్సా సోలార్ ప్లాంటు కడుతున్న రోజుల్లో ఆయన అక్కడ ఎలక్ట్రీషియన్. పది చదరపు కిలోమీటర్లు, 18 లక్షల ప్యానెళ్లు, 800 మెగావాట్లు. పని చేయించింది చైనావాళ్లు. 2022 అక్టోబరులో ప్రారంభోత్సవం అయ్యేనాటికి ప్లాంటుతోపాటు బావగారి చైనీస్ కూడా నిలబడింది. కేబుల్ డ్రమ్ము పక్కన పట్టుబడ్డ భాష కాబట్టి తిట్లూ, బోల్టుల సైజులూ ముందొచ్చాయి, మర్యాదలు తర్వాత. ఆ ఊపులో ఫోన్లో ప్లెకో నిఘంటువు వేసుకుని హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ పరీక్షలో నాలుగో లెవెల్ పాసైపోయారు. అంటే 1200 మాటలు. ఐదుకి 2500, ఆరుకి 5000. సరే, ఎక్కేద్దాం అనుకుంటుండగా ఎవడో పుణ్యాత్ముడు 2021 నాటి కొత్త ప్రమాణాలు చూపించాడు. అందులో లెవెళ్లు తొమ్మిది, మాటలు 11,092. ఆ రాత్రి మెస్సులో చేపల పులుసు పెట్టినా బావగారు రెండోసారి వడ్డించమనలేదు.

పొద్దున్నే ప్రకటించారు. “ఇలా చిల్లరమల్లరగా అయితే అవ్వదండీ. ఇంటెన్సివ్ కోర్సు చెయ్యాల్సిందే.”

నిజానికి ఆయన బాధలో న్యాయం లేకపోలేదు. ఓనమాలవాళ్లకి ఎక్కడ చూసినా కోర్సులే. బాగా వచ్చేసినవాళ్లకి యూనివర్సిటీలున్నాయి. ఈ మధ్యలో ఇరుక్కున్నవాడికే దిక్కులేదు. వార్తలు వింటే సగం అర్థమవుతాయి గానీ, అర్థమైంది ఏ సగమో తెలీదు.

అందుకని బావగారు ఎక్సెల్ షీటు తెరిచారు. నేను కళ్లారా చూశాను. అడ్డంగా గడులు: ఊరు, ఫీజు, ఎన్ని వారాలు, రోజుకి ఎన్ని గంటలు, క్లాసుకి ఎంతమంది, హాస్టల్లో అన్నం వండుకోనిస్తారా. ఇవన్నీ తెల్లగా ఉంటాయి. చిట్టచివరి గడికి మాత్రం పసుపు రంగు పూసి, ‘వంక’ అని పేరు పెట్టారు. షీటులో ఖాళీ లేని గడి అదొక్కటే. పెళ్లిచూపులకెళ్లి, పిల్ల బంగారంగానీ వీధి ఇరుకండీ అని వచ్చేసే పెద్దమనుషులుంటారు చూడండి, ఆ వాటం.

బీజింగ్ లాంగ్వేజ్ అండ్ కల్చర్ యూనివర్సిటీ ఉంది. 1962లో పెట్టారు, విదేశీయులకి చైనీస్ నేర్పడమే దాని పుట్టువృత్తి. వంక: సెమిస్టర్ నెలల తరబడి, మనకున్నది ఏడాదికి నాలుగు వారాల సెలవు. తైపేలో నార్మల్ యూనివర్సిటీ వారి మాండరిన్ కేంద్రం 1956 నాటిది, ఇంటెన్సివ్‌లో చేరితే రోజుకి మూడు గంటలు చెప్తారు. వంక: అక్కడ పాత లిపి, సగం అక్షరాలు మళ్లీ దిద్దుకోవాలి. అమెరికాలో మిడిల్‌బరీ అయితే ఎనిమిది వారాలు చైనీస్ తప్ప మరో ముక్క మాట్లాడనని ప్రమాణం చేయిస్తారు. “మరి మీ అక్కయ్య ఫోన్ చేస్తే సంజాయిషీ ఏ భాషలో ఇమ్మంటారండీ?” అన్నారు. అది మాత్రం వంక కాదు, ప్రాణభయం.

స్టాన్‌ఫర్డ్‌వాళ్లు 1963లో తైపేలో పెట్టిన కార్యక్రమం 1997లో బీజింగ్‌కి, సింగ్‌హువా యూనివర్సిటీకి తరలిపోయిన వైనం, తైపేలో మిగిలినదాన్ని నేషనల్ తైవాన్ యూనివర్సిటీ నడుపుకొస్తున్న వైనం అడిగినా అడక్కపోయినా చెప్తారు. అందులో చదివినవాళ్లకి కూడా ఇంత తెలిసి ఉండదు. క్లాసుకి ముగ్గురో నలుగురో అని విని మొదట సంబరపడ్డారు. తర్వాత వంక రాశారు: ముగ్గురే అయితే రోజూ మనల్నే అడుగుతారు.

పోనీ ఆన్‌లైన్ అంటే చైనా మనకంటే ఐదు గంటలు ముందుంది. సాయంత్రం ఐదింటికి డ్యూటీ దిగితే బీజింగ్‌లో రాత్రి పది, పంతులమ్మ ఆవులిస్తూ ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే అక్కడ తొమ్మిది, పంతులమ్మ బాగానే ఉంటుంది, ఆవులించేది బావగారు.

ఫీజు డబ్బు ఆయన ఏటా విడిగా దాస్తారు. ఆ సంగతి కోనసీమలో అక్కయ్యకి తెలుసు. “ఏ దేశమో నిదానంగా తేల్చుకోండి, ఈలోగా పెరటి గోడ పడిపోయేలా ఉంది” అంటుంది. ఒక ఏడు పెరటి గోడయింది, ఆ మరుసటేడు పెద్దమ్మాయి కాలేజీ సీటయింది. చైనీస్ ఇంటెన్సివ్ కోర్సు వల్ల బాగుపడ్డ కుటుంబాల్లో మా బావగారిదొకటి.

క్యాంపు కుర్రాళ్లు ఊరుకోరు కదా. 2022లో సుహైల్, సురయా అని రెండు పాండాలు చైనా నుంచి అల్ ఖోర్ పార్కుకొచ్చాయి. “అవి అక్కణ్ణుంచి ఇక్కడికొచ్చి కాపరం పెట్టేశాయి బావగారూ, మీరింకా ఇక్కణ్ణుంచి కదల్లేదు” అన్నాడొకడు. బావగారు ఏమాత్రం తొణకలేదు. “వాటికి ఏసీ ఇల్లు కట్టించి మరీ పిలిచారండీ. హాస్టల్ సంగతి తేల్చుకోకుండా అవీ రాలేదు.”

మొన్నీమధ్య పక్క బ్లాకులోకి చైనా సూపర్‌వైజర్ ఒకాయన దిగాడు. బావగారు షీటు పట్టుకుని వెళ్లారు, బీజింగా తైపేనా ఓ ముక్క అడిగొద్దామని. తోడు నేనూ వెళ్లాను. మెట్ల మీదే మొదలైంది. ఆయన హార్బిన్ అన్నాడు, జనవరిలో మైనస్ ఇరవై అని బావగారు కొట్టిపారేశారు. ఇంకో ఊరేదో అన్నాడు, దాని అద్దెల మీద బావగారు లెక్కలతో సహా ఎదురెళ్లారు. మధ్యలో ఇద్దరూ గొంతులు పెంచారు, చేతులు తిప్పారు, పడీపడీ నవ్వారు. నాకు ఊళ్ల పేర్లూ అంకెలూ తప్ప ఒక్క ముక్క అంతుపట్టలేదు. మెస్సు మూసేసే వేళకి నేనే భుజం పట్టుకుని లాక్కొచ్చాను.

దారిలో నిట్టూర్చారు. “విన్నారుగా, ఎంత తడబడ్డానో! ఇంటెన్సివ్ చెయ్యందే లాభం లేదండీ.”

మర్నాడు సాయంత్రం ఆ సూపర్‌వైజరే మా గది తలుపు కొట్టాడు. చేతిలో ఫోను, ఫోన్లో పెద్ద జాబితా. ఆయనకి ఇంగ్లీషు ఓ మాదిరిగా వచ్చట. ఓనమాల క్లాసులు తేలికట, పైక్లాసులు బరువట. మాల్టానా, డబ్లినా, ఫిలిప్పీన్స్‌లో సెబూనా అని చాన్నాళ్లుగా చూస్తున్నాడట. బావగారు ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, టీ చెప్పి, ల్యాప్‌టాప్ తెరిచి, షీటులో రెండో పేజీ మొదలుపెట్టారు. నేను టీ గ్లాసులు తీసుకొచ్చేసరికి ఊళ్ల పేర్లు కూడా పూర్తిగా ఎక్కలేదు, పసుపు గడి మాత్రం నిండుతోంది: సెబూలో తుఫాన్లెక్కువ.