బేస్‌మెంట్ బోధిసత్వుడు

బాస్టన్ చుట్టుపక్కల ఏ ఇంటి బేస్‌మెంట్ తలుపు మీదైనా “ధ్యానం జరుగుతోంది, లైటు వెయ్యొద్దు” అన్న చీటీ కనిపిస్తే, లోపల ఆయన ఉన్నట్టే. వయసు డెబ్బై. ఒంటికి స్టాప్‌బాత్ తాలూకు వెనిగర్ వాసన, గోళ్లకు డెవలపర్ మరక, నోటినిండా సూక్తులు.

గురువుగారు మైనర్ వైట్. 1965 నుంచి ఎంఐటీలో ఫొటోగ్రఫీ చెప్పినాయన. ఫొటో చూసే ముందు శిష్యుల్ని కదలకుండా కూర్చోబెట్టేవాడు, విలువిద్యలోని జెన్ మీద హెరిగెల్ రాసిన పుస్తకం చదివించేవాడు. 1976లో పోయాడు. మనవాడు ఆయన క్లాసులో కూర్చున్నది ఒక్క మధ్యాహ్నం. ఆ మధ్యాహ్నం ఇంకా అయిపోలేదు.

“నేను బొమ్మ చెయ్యను, అదే అవుతుంది” అంటాడు. కెమెరా కూడా అక్కర్లేదు. ఫొటో కాగితానికి తేనో వార్నిషో పూసి, డెవలపర్‌లో ఓసారి, ఫిక్సర్‌లో ఓసారి ముంచుతుంటాడు. కెమిగ్రామ్ అంటారు దీన్ని. 1956లో బెల్జియం దేశస్థుడు పియర్ కోర్డియే ఓ అమ్మాయి కోసం ఫొటో కాగితం మీద నెయిల్ పాలిష్‌తో నాలుగు మాటలు రాయబోతే ఇది పుట్టింది. తృష్ణే దుఃఖానికి మూలమని బోధించే మనిషి కదా, మనవాడు చెప్పే కథలో ఆ అమ్మాయి ఉండదు. అసలు కెమిగ్రామ్‌కి చీకటితో పనిలేదు, పట్టపగలే చేసుకోవచ్చు. ఆ మాటన్నవాళ్లతో ఆయన వారం రోజులు మాట్లాడడు. దాన్ని మౌనవ్రతం అంటాడు.

ఫ్రిజ్‌లో గుడ్లు పెట్టాల్సిన చోట గడువు తీరిన కాగితాల డబ్బాలుంటాయి. పారెయ్యనా అని భార్య అడిగితే, “సర్వం అనిత్యం. ఆగ్ఫా కాగితం మాత్రం మళ్లీ రాదు.”

అనిత్యం మీద ఆయనకెంత నమ్మకమో ప్రింటు కడిగేటప్పుడు చూడాలి. రెండు తొట్ల ఫిక్సర్, గంటసేపు పారే నీళ్లు, ఆపైన సెలీనియం టోనర్. వందేళ్లయినా చెక్కుచెదరదట. “అన్నీ పోయేవే అయితే ఫిక్స్ చెయ్యడం దేనికండీ?” అని నేర్చుకోవడానికొచ్చిన ఓ పిల్ల అడిగేసింది. ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు. తెల్లారేసరికి ఒక ప్రింటు ఫిక్స్ చెయ్యకుండా వదిలేశాడు. వెలుతురు సోకితే నల్లబడిపోతుంది కాబట్టి దాన్ని నల్లసంచిలో, ఆ సంచిని పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

మొన్నటి ఎగ్జిబిషన్‌లో ఆ పెట్టెనే గోడకి తగిలించాడు. అన్నిటికన్నా దానికే రేటెక్కువ.