యాడ నుంచి యాడికి?

"లూపుకూ మందుకూ మధ్య దూరం చెప్పలేదు. పట్టికలో చేర్చండి." నా పరిశోధన పేపరు చూసిన రివ్యూయరెవరో ఈ ముక్క రాసి పారేశాడు. అప్పట్నుంచీ నాకు అన్నం సయించడం లేదు. లూపంటే ప్రోటీన్ గొలుసులో ఒక వంపు, చుక్క కాదు మహాశయా! అందులో బోలెడు అమైనో ఆమ్లాలు, వాటికి కొమ్మలు, కొమ్మకొమ్మకూ పరమాణువులు. మందుకు మాత్రం తలా తోకా లేవా? ఎక్కడ పట్టుకుని ఎక్కడికి కొలవమంటాడు?

సాఫ్ట్‌వేర్‌కు ఇలాంటి సందేహాలేం లేవు. ఒక పరమాణువు మీద నొక్కి, ఇంకోదాని మీద నొక్కితే మధ్యన పసుపు చుక్కల గీత పడి అంకె వెలుస్తుంది. నేను నొక్కేది నత్రజనిని, అది పట్టుకునేది వెనక నక్కిన నీటి ఆక్సిజన్‌ని. బొమ్మ తిప్పి నొక్కితే పక్క గొలుసులోది తగులుకుంటుంది. దేన్ని పట్టుకున్నా అంకె మాత్రం ఠక్కున ఇస్తుంది. దశాంశంతో సహా!

మందు కోసం నేను కొలుస్తున్నది వీపీ28 అనే ప్రోటీన్‌ను. రొయ్యల్ని చంపే తెల్లమచ్చ వైరస్ పైపొరలో ఉంటుంది. సింగపూర్ శాస్త్రవేత్తలు స్ఫటికం మీద ఎక్స్‌రేలు వేసి 2007లో దీని ఆకారం తేల్చారు. ఇక్కడ కొలతంతా ఆంగ్‌స్ట్రాముల్లో. మీటరును వెయ్యి కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం కొసన ఆరు కార్బన్ల ఉంగరం ఒకటుంటుంది. దాని ఎదురెదురు కార్బన్ల మధ్యే దూరం 2.8. అంటే ఉంగరం ఈ అంచు నుంచి 3.4 ఉన్నది ఆ అంచు నుంచి 6.2 కావచ్చు. ఈ లెక్కన మందు ప్రోటీన్‌ను ఆనుకున్నట్టు, ఆ లెక్కన మొహం చాటేసినట్టు. ఉంగరం నడిబొడ్డు నుంచి కొలవమంటారు కొందరు. అక్కడ పరమాణువే లేదు, వట్టి ఖాళీ!

అయినా నెల్లూరోళ్లకు ఈ తంటా కొత్తా? మా దగ్గర ఇళ్లస్థలాలు అంకణాల్లో అమ్ముతారు. మా అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి అంకణం 36. తిరుపతి వియ్యంకుడు పిల్లకు వంద అంకణాలు రాస్తానంటే మావాళ్లు పొంగిపోయి తాంబూలాలు పుచ్చుకుంటారు. తీరా రిజిస్ట్రేషన్ నాడు చూస్తే, మన లెక్కలో సగమే.

పోనీ, స్థలానికైనా నాలుగు మూలలున్నాయి. సముద్రానికి? 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు రొయ్యల సాగు మీద తీర్పిచ్చింది. తీరంలో ఆటుపోట్ల గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల లోపు గుంటలు ఉండకూడదంది, పులికాట్, చిలకా సరస్సుల నుంచైతే వెయ్యి మీటర్ల లోపు. పాత పద్ధతి సాగుకు మాత్రం మినహాయింపు. మైపాడు దగ్గర మా బాబాయికి గుంటలున్నాయి. "ఐదొందల మీటర్లు సరేలే అబ్బయా, యాడ నుంచి యాడికి?" అని ఆయన అరుగెక్కి కూర్చున్నాడు. పున్నమికొచ్చి చూస్తే అలలు గుంట కట్ట మీదే ఉంటాయి, అష్టమికొస్తే అరమైలు అవతల. క్రీకులోకి పోటెక్కే నీళ్లు సముద్రం కిందికి వస్తాయా, రావా? టేపు కట్ట మీద పెట్టాలా, కట్ట అడుగునా? కట్ట ఏటవాలుగా ఉంటే టేపు కూడా ఏటవాలుగా పట్టాలా? అరుగు కింద చేరిన వాళ్లంతా తలో సందేహం అందించారు. అడంగల్ తెచ్చినవాడు ఒకడు, పంచాంగం తెచ్చినవాడు ఇంకొకడు. కాఫీలు మూడు విడతలయ్యాయి. దూరం తేలలేదు.

మొన్న అదే బాబాయి మా ఇంటికొచ్చి నా తెర మీది పసుపు గీతను చాలాసేపు చూశాడు. "అదంత దగ్గరుంటే రొయ్య బతుకుద్దా?"

ఇది స్ఫటికంలో గడ్డకట్టిన ఆకారమనీ, నీళ్లలో క్షణం కుదురుగా ఉండదనీ, హైడ్రోజన్లు ఇందులో కనబడనైనా కనబడవనీ చెప్పుకొచ్చాను.

"అంటే తెలీదన్నమాట" అన్నాడు.

తెలీదు. 1994లో ఈ తీరానికి తెల్లమచ్చ వచ్చినప్పుడు ఆయన రొయ్య తల మీది డిప్ప ఒలిచి, వెలుగుకు పట్టి చూశాడు. లోపలి వైపు సూదిమొనంత తెల్లటి చుక్కలు. వారం తిరక్కుండా గుంట ఖాళీ. వైరస్ పైపొర ఆకారం ఇప్పుడు నా తెర మీద గిర్రున తిరుగుతోంది. ఆయన చేతిలో మాత్రం ఇవాళ్టికీ పీసీఆర్ పరీక్ష చేయించిన సీడు, ఎండ్రకాయలు రాకుండా కంచె, కాకులు వాలకుండా వల. జబ్బొచ్చాక వేయడానికి మందు లేదు. కొలవడానికి వీలైనదాన్ని కొలుస్తూ కూర్చుంటే నెల తిరిగేసరికి నాకు జీతం వస్తుంది. ఆయనకు కిలోకు ఇన్ని అని రొయ్యల కౌంటు రావాలి.